ఇత్తడి మెరుపు వెనుక సీసపు ధూళి



ఇంతవరకు ఇక్కడ మధుమేహం గురించి, రక్తపోటు గురించి, పిల్లలలో రక్తహీనత గురించి వ్రాస్తూ వచ్చాను. ఈసారి విషయం మీకు వింతగా తోచవచ్చు. తుపాకీ పేల్చిన తరువాత మిగిలే ఖాళీ ఇత్తడి గుల్లలను శుభ్రం చేయడం గురించి ఈ వ్యాసం. మీలో నూటికి తొంభైతొమ్మిది మంది తుపాకీని చేతితో తాకి ఉండరు. నేనూ డెబ్భై ఏళ్ళు దాటేవరకు తాకలేదు. ఇప్పటికీ పేల్చలేదు. అయినా ఆ గుల్లలను తోమిన పాపానికి నా చేతులతోనే మా మనవడి ఒంట్లోకి సీసాన్ని చేర్చాను. ముప్పై మూడేళ్ళు ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసినవాడిని ఈ మాట వ్రాయడానికి సిగ్గుపడుతున్నాను. కాని వ్రాయకపోతే తప్పు రెండింతలవుతుంది. మీ పిల్లలు కూడా అమెరికాలో ఉండవచ్చు, మీరు కూడా రేపో మాపో అక్కడికి వెళ్ళి మనవలను ఎత్తుకోవచ్చు. అందుకని కాస్త ఓపికగా చదవండి.

గ్యారేజీలో కొత్త కాలక్షేపం

మా అమ్మాయి, అల్లుడు టెక్సాస్ రాష్ట్రంలో ఉంటారు. 2023 చలికాలంలో నేనూ మా ఆవిడా ఆరు నెలలు ఉండి వద్దామని వెళ్ళాము. అప్పటికి మనవడికి ఎనిమిది నెలలు. మా ఆవిడకు వంటిల్లు, మనవడు ఉన్నారు. నాకు మాత్రం పొద్దు గడవదు. జీవితమంతా రోజుకు నూటయాభై మంది రోగులను చూసినవాడికి ఖాళీగా కూర్చోవడం ఎంత కష్టమో తోటి విశ్రాంత ఉద్యోగులకు తెలుసు.

అల్లుడు ఇంజినీరు. ఆఫీసులోని స్నేహితుల వల్ల అతనికి గురిచూసి కాల్చే సరదా పట్టుకుంది. శనివారాలు ఇంటి దగ్గరలోని షూటింగ్ రేంజికి వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు పేల్చిన తూటాల గుల్లలను సంచీలో వేసుకొని వచ్చేవాడు. అమెరికాలో ఇది చాలామందికి ఉన్న అలవాటు. తూటా అంటే నాలుగు భాగాలు: ముందు గుండు, లోపల మందు, అడుగున నిప్పు పుట్టించే చిన్న ప్రైమర్, వీటన్నింటినీ పట్టి ఉంచే ఇత్తడి గుల్ల. పేల్చినప్పుడు గుండు వెళ్ళిపోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమర్ ఖర్చయిపోతుంది. గుల్ల మాత్రం మిగులుతుంది. తూటా ఖరీదులో పెద్ద వంతు ఆ గుల్లదే. దానిని శుభ్రపరచి మళ్ళీ నింపుకుంటే డబ్బు ఆదా అవుతుంది, గురి కూడా బాగా కుదురుతుందని వారి నమ్మకం. అక్కడ ఇది చట్టసమ్మతమైన కాలక్షేపం. మన దేశంలో 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరమని మరచిపోకండి. నింపే పని గురించి నేను ఇక్కడ ఏమీ చెప్పబోవడం లేదు. నా కథ శుభ్రం చేయడంతోనే మొదలై అక్కడే ముగుస్తుంది.

గుల్లలను ఎందుకు శుభ్రం చేయాలని అల్లుడిని అడిగాను. "మసితో, ఇసుకతో ఉన్న గుల్లను అచ్చులోకి నెడితే అచ్చు గీతలు పడి పాడవుతుంది మావయ్య గారూ. పైగా శుభ్రంగా ఉంటేనే సన్నని పగుళ్ళు కంటికి కనబడతాయి. పగిలిన గుల్లను మళ్ళీ వాడితే ప్రమాదం" అన్నాడు. మాట సబబుగానే ఉంది.

నల్లబడిన ఆ గుల్లలను చూడగానే నాకు మా అమ్మ గుర్తుకు వచ్చింది. మా ఇంట్లో పండుగ ముందురోజు బిందెలు, చెంబులు, గంగాళం, దీపపు కుందులు అన్నీ నూతి పళ్ళెం దగ్గరకు చేరేవి. చింతపండు గుజ్జు, కాస్త ఉప్పు, ఇటుకపొడి, కొబ్బరి పీచు. గంట గడిచేసరికి వాకిట్లో బంగారం పరచినట్లుండేది. ఇత్తడి అనేది రాగి, జింకుల మిశ్రమం. తూటా గుల్లలకు వాడే ఇత్తడిలో సుమారు 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు ఉంటాయి. గాలికి దాని పైన ఏర్పడే మురికి పొరను చింతపండులోని పులుపు కరిగిస్తుంది. అల్లుడి స్నేహితులలో కొందరు నిమ్మ ఉప్పు నీళ్ళు వాడతారని విని, మా అమ్మ రసాయనశాస్త్రమే కదా అని నవ్వుకున్నాను.

"ఆ పని నాకు వదిలెయ్యి బాబూ, నాకూ కాలక్షేపం" అన్నాను. అతను మొహమాటపడ్డాడు. నేనే పట్టుబట్టాను.

నేను చేసిన పని

అల్లుడి దగ్గర ఉన్నది పొడి పద్ధతి యంత్రం. గిన్నెలాంటి పెద్ద ప్లాస్టిక్ పాత్ర, అడుగున మోటారు. పాత్రలో మొక్కజొన్న బెండ్లను నూకగా కొట్టినది గాని, అక్రోటు పెంకుల పొడి గాని పోసి, అందులో గుల్లలు వేసి, రెండు చుక్కల పాలిషు కలిపి మీట నొక్కితే గిన్నె వణుకుతూ ఉంటుంది. మూడు గంటలలో ఆ రాపిడికి గుల్లలు తళతళలాడతాయి. ధూళిని పట్టుకోవడానికి, బట్టలు ఆరబెట్టే యంత్రంలో వేసే పలుచని గుడ్డ ముక్క ఒకటి అందులో వేసేవాళ్ళం. అది తెల్లగా లోపలికి వెళ్ళి బొగ్గు రంగులో బయటికి వచ్చేది. ఆ నలుపు ఏమిటని నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

పాలిషు సీసా మీద మాత్రం శ్రద్ధ పెట్టాను. అమ్మోనియా ఉన్న పాలిషు వాడవద్దని అల్లుడికి ఉపన్యాసం ఇచ్చాను. దానికి మన దేశంతోనే ముడిపడిన కథ ఒకటి ఉంది. పందొమ్మిదవ శతాబ్దంలో బ్రిటిషు సైన్యం మన దేశంలో వానాకాలపు నెలలలో తూటాలను గుర్రపుశాలలలో నిలవ చేసేది. వానలు వెలిసి తీసి చూస్తే ఇత్తడి గుల్లలు వాటంతటవే పగిలి ఉండేవి. ఒక ఋతువులో కనబడే పగుళ్ళు గనుక ఇంగ్లీషులో సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తయారీలో ఇత్తడిలో మిగిలిపోయిన ఒత్తిడి రెండూ కలిసి ఆ పని చేస్తున్నాయని 1921లో గాని తేల్చలేకపోయారు. ఈ కథ చెప్పి అల్లుడి మెప్పు పొందాను. ఇత్తడికి ఏది హాని చేస్తుందో చెప్పగలిగిన వైద్యుడికి మనిషికి ఏది హాని చేస్తుందో తోచలేదు. దీపం కిందే చీకటి అంటే ఇదే.

మూడు గంటలయ్యాక అసలు పని. గిన్నెను జల్లెడలోకి వంచి, గుల్లలూ నూకా వేరయ్యేలా జల్లించాలి. కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టినట్లే సన్నని బూడిద రంగు ధూళి లేచేది. చలి కాబట్టి గ్యారేజీ తలుపు మూసే ఉంచేవాడిని. ముక్కుకు గుడ్డ లేదు, చేతికి తొడుగు లేదు. పని ముగిశాక చేతులను ప్యాంటుకు తుడుచుకొని, లోపలికి వచ్చి, పాకుతూ ఎదురొచ్చే మనవడిని ఎత్తుకొనేవాడిని. పళ్ళు వస్తున్న వయసు. నా చూపుడు వేలు నోట్లో పెట్టుకొని చిగుళ్ళతో నమిలేవాడు. నా స్వెట్టరు బొత్తాములు చప్పరించేవాడు. ఎంత ముద్దుగా ఉండేదో చెప్పలేను. ఇలా వారానికి రెండుసార్ల చొప్పున సుమారు మూడు నెలలు.

ఒక వేలి రక్తపు చుక్క

మనవడికి ఏడాది నిండింది. ఏడాది పరీక్షలో భాగంగా వేలిని గుచ్చి రక్తం తీశారు. అక్కడ చాలామంది పిల్లల వైద్యులు ఏడాది, రెండేళ్ళ వయసులలో రక్తంలో సీసం ఎంత ఉందో చూస్తారు. రెండు రోజుల తరువాత ఫోను వచ్చింది. డెసిలీటరు రక్తంలో 7 మైక్రోగ్రాములు. వేలి చర్మం మీద ధూళి ఉంటే లెక్క తప్పుగా రావచ్చు కాబట్టి సిర నుంచి రక్తం తీసి మళ్ళీ చూశారు. 6 వచ్చింది.

ఈ అంకె అర్థం కావాలంటే కొంచెం చరిత్ర కావాలి. మేము వైద్యం చదివే రోజులలో ఇంత తక్కువ సీసాన్ని ఎవరూ పట్టించుకొనేవారు కారు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ పిల్లల విషయంలో జాగ్రత్తపడవలసిన హద్దును 1991లో 10గా, 2012లో 5గా, 2021లో 3.5గా మార్చుకుంటూ వచ్చింది. 3.5 లోపు ఉంటే క్షేమమని దీనికి అర్థం కాదు. పిల్లలకు క్షేమమైన సీసపు మోతాదు అంటూ ఏదీ లేదనే వైద్యలోకం అంగీకరిస్తున్నది.

ఆ రోజు నర్సు ఫోనులోనే మా అమ్మాయిని వరుసగా ప్రశ్నలు అడిగింది. ఇల్లు 1978కి ముందు కట్టినదా? అక్కడ ఇళ్ళ రంగులలో సీసాన్ని నిషేధించిన ఏడాది అది. మా వాళ్ళ ఇల్లు 2015లో కట్టినది. భారతదేశం నుంచి మసాలాలు తెచ్చుకున్నారా? కాటుక, సుర్మా పెడతారా? నాటు మందులు వాడతారా? "పసుపు!" అన్నాను నేను పక్కనుంచి, ఎవరూ అడగకుండానే. రంగు కోసం కొందరు పసుపులో లెడ్ క్రోమేటు కలుపుతారన్నది నిజం. మేము తీసుకువెళ్ళిన పసుపు పొట్లాన్ని మా ఆవిడ చేత అప్పటికప్పుడు చెత్తబుట్టలో వేయించాను. ఆమె ఏమీ అనలేదు గాని ముఖం చిన్నబోయింది.

నర్సు చివరి ప్రశ్న ఇది: ఇంట్లో ఎవరైనా బ్యాటరీల పని, పాత ఇళ్ళ మరమ్మతు, తుపాకీ కాల్చడం, తూటాలు నింపడం వంటివి చేస్తారా? మా అమ్మాయి ఫోను చెవి దగ్గరే ఉంచుకొని మెల్లగా నా వైపు తిరిగింది. ఏమీ అనలేదు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తు.

పెద్దవాళ్ళమందరమూ పరీక్ష చేయించుకున్నాము. అల్లుడికి 16. నాకు 9. అమ్మాయికి 3. మా ఆవిడకు 2. రోగ నిర్ణయానికి ఇంతకంటే ఏమి కావాలి? పసుపే కారణమైతే అందరం ఒకే కూర తిన్నవాళ్ళం, అందరికీ రావాలి. అల్లుడు రేంజిలో కాల్చి వస్తాడు కాబట్టి అతనికి అక్కడి పొగ నుంచి వచ్చిందనుకోవచ్చు. నేను రేంజి గడప తొక్కలేదు. సీసం కలిపిన పెట్రోలు పొగను దశాబ్దాలు పీల్చిన తరం మాది, కొంత పాత నిలవ ఉండవచ్చు. కాని అదే వయసు, అదే ఊరు అయిన మా ఆవిడకు 2 మాత్రమే. ఆమె ఎన్నడూ గ్యారేజీలోకి రాలేదు. ఇక మిగిలింది నా జల్లెడ.

ముప్పై ఏళ్ళ నాటి తప్పు

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తొంభైల మొదట్లో నేనొక తాలూకా ఆసుపత్రిలో ఉండగా నాలుగేళ్ళ పిల్లవాడిని తీసుకొచ్చారు. పాలిపోయిన ముఖం, కడుపునొప్పి, మలబద్ధకం. నులిపురుగుల మందు, ఇనుము టానిక్కు వ్రాశాను. నెల తరువాత మళ్ళీ వచ్చారు, మళ్ళీ అదే వ్రాశాను. మూడవ నెలలో మూర్ఛలతో తెచ్చారు. పట్నంలోని పెద్దాసుపత్రికి పంపాను. అక్కడి పెద్ద డాక్టరు గారు రక్తపు చుక్కను సూక్ష్మదర్శినిలో చూసి, ఎర్ర కణాలలో నీలి చుక్కలు గమనించి, తండ్రిని ఒక్క ప్రశ్న అడిగారట: "నువ్వు ఏం పని చేస్తావు?" అతను ఇంటి వెనుక పాత కారు బ్యాటరీలు పగలగొట్టి సీసం కరగబోసేవాడు. పిల్లవాడు బ్రతికాడు. కాని చదువు అబ్బలేదని తరువాత విన్నాను.

రోగిని ఏమి ప్రశ్నించాలో హిప్పొక్రటిస్ చెప్పిన జాబితాకు, "నీ వృత్తి ఏమిటి?" అనే ప్రశ్నను కూడా చేర్చమని ఇటలీ వైద్యుడు రామజ్జిని 1700లో వృత్తి వ్యాధుల మీద వెలువరించిన గ్రంథంలో కోరాడు. మూడు వందల ఏళ్ళ నాటి ఆ ప్రశ్న నాకు ఆనాడు తట్టలేదు. ఆ తరువాత ప్రతి రోగినీ అడిగాను. విద్యార్థులకు చెప్పాను. కాని నన్ను నేను అడగలేదు. ఉద్యోగ విరమణ చేసినవాడికి వృత్తి ఏముంటుంది? సరదా పనిలో విషం ఉండదని మనసు అనుకుంటుంది.

సీసం ఎక్కడి నుంచి వచ్చింది?

ఇత్తడి గుల్లలో సీసం ఉందా అని మీరు అడగవచ్చు. ఆ సీసం ఇత్తడిది కాదు, మసిది. తూటా అడుగున ఉండే ప్రైమరులో సాధారణంగా లెడ్ స్టిఫ్నేట్ అనే సీసపు లవణం ఉంటుంది. దెబ్బ తగలగానే అది పేలి మందును అంటిస్తుంది. ఆ సీసం కొంత పొగతో బయటికి పోతుంది, కొంత గుల్ల లోపల, ప్రైమరు గూటిలో సన్నని మసిగా అంటుకొని ఉంటుంది. గుండు కూడా సీసానిదే అయితే దాని అడుగుభాగం నుంచి మరికొంత చేరుతుంది. యంత్రంలో మొక్కజొన్న నూక చేసే పని ఆ మసిని రాల్చడమే. గుల్ల ఎంత మెరిస్తే నూకలో అంత సీసం చేరినట్లు. ఒకే నూకను పదిసార్లు వాడతారు. ప్రతిసారీ సీసం పెరుగుతూనే ఉంటుంది. నేను జల్లించినది ఆ ధూళినే.

ఆ ధూళికి రుచి లేదు, వాసన లేదు. ఊపిరితో లోతుగా వెళ్ళిన సన్నని రేణువులలోని సీసం దాదాపు అంతా రక్తంలో కలుస్తుంది. నోటి ద్వారా వెళ్ళినదానిలో పెద్దవారి పేగు సుమారు పదవ వంతు గ్రహిస్తే, చిన్నపిల్లల పేగు సగం దాకా గ్రహించగలదు. శరీరం సీసాన్ని కాల్షియంగా పొరబడుతుంది. ఇనుము, కాల్షియం తక్కువగా ఉన్న పిల్లలలో సీసం మరింత తేలికగా చేరుతుంది. అక్కడి నుంచి అది ఎముకలలో దశాబ్దాలు ఉండిపోతుంది. పెరుగుతున్న మెదడు మీద దాని ప్రభావం తెలివితేటలలో, ఏకాగ్రతలో, ప్రవర్తనలో కనబడుతుంది. 6 వంటి స్థాయిలో పిల్లవాడు ఆడుతూ పాడుతూనే ఉంటాడు. ఏ లక్షణమూ ఉండదు. రక్తపరీక్ష తప్ప వేరే దారి లేదు.

పెద్దలలో మొదట రక్తపోటు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అల్లుడికి ఏడాదిగా రక్తపోటు కొద్దికొద్దిగా పెరుగుతున్నది. దానికి ఇదే కారణమని నేను చెప్పలేను. కాదని కూడా చెప్పలేను.

మందు ఏమిటని అమ్మాయి అడిగింది. సీసాన్ని పట్టి బయటికి తెచ్చే మందులు ఉన్నాయి గాని పిల్లలలో అవి సాధారణంగా 45 దాటినప్పుడే ఇస్తారు. 6 దగ్గర చికిత్స ఒక్కటే: సీసం వచ్చే దారిని మూయడం. ఇనుము, కాల్షియం, సి విటమిన్ ఉన్న ఆహారం ఇవ్వడం. మూడు నెలలకు మళ్ళీ పరీక్ష చేయడం.

ఇల్లు కడిగిన రోజులు

మరునాడే అల్లుడు, నేను గ్యారేజీని శుభ్రం చేశాము. చీపురు పట్టలేదు. మామూలు వాక్యూమ్ క్లీనరు కూడా వాడలేదు. రెండూ సన్నని ధూళిని గాలిలోకి లేపుతాయి. హెపా ఫిల్టరు ఉన్న యంత్రంతో పీల్చి, ఆ తరువాత తడి గుడ్డలతో తుడిచి, ఆ గుడ్డలను సంచీలో కట్టి, పురపాలక సంఘం వారు ఇళ్ళలోని ప్రమాదకర వ్యర్థాలను తీసుకొనే చోట ఇచ్చాము. పాత నూకను కూడా. నా స్వెట్టరును పారవేశాను. మా ఆవిడ అల్లినది. ఆమె ఒక్క మాటా అనలేదు. అమ్మాయి రెండు వారాలు నాతో పొడిపొడిగా మాట్లాడింది. మనవడు మాత్రం మునుపటిలాగే నా వైపు చేతులు చాచేవాడు. ఎత్తుకొనే ముందు మోచేతుల దాకా కడుక్కొని, చొక్కా మార్చుకొని వచ్చేవాడిని. అప్పుడు కూడా జంకేది.

అల్లుడు సరదా మానలేదు. మానమని నేను అడగలేదు. పద్ధతి మార్చాడు. ఇంటికి దూరంగా పెరటి చివర చిన్న షెడ్డు వేసుకొని, తడి పద్ధతికి మారాడు. నీళ్ళు, సబ్బు, కాస్త నిమ్మ ఉప్పు, సన్నని స్టీలు సూదులతో తిరిగే పీపాలో గుల్లలను కడుగుతారు. తడిలో ధూళి లేవదు. అయితే సీసం మాయం కాదు, నీళ్ళలోకి చేరుతుంది. పులుపుకు సీసం కరుగుతుంది కూడా. నల్లని ఆ నీళ్ళను వంటింటి తొట్టిలో గాని, కూరమడిలో గాని పోస్తే ఒక దారి మూసి మరొక దారి తెరచినట్లే.

అక్కడ ఈ పని చేసేవారు మీ ఇంట్లో ఉంటే వారికి ఈ మాటలు చేరవేయండి:

1. గుల్లలు శుభ్రం చేసే చోటు నివాసపు గదులకు వేరుగా ఉండాలి. వంటింట్లో, బట్టలుతికే గదిలో వద్దు. తడి గుల్లలను వంట ఓవెనులో ఆరబెట్టవద్దు.

2. పొడి యంత్రం వాడితే మూతపెట్టి, ఆరుబయట నడపండి. జల్లించడం కూడా బయటే, గాలికి ఎదురు నిలబడకుండా, తగిన మాస్కు, చేతి తొడుగులతో చేయండి. నూకను తరచుగా మార్చండి.

3. పాత ప్రైమర్లను ఊడగొట్టినప్పుడు రాలే మసిలోనే సీసం ఎక్కువ. వాటిని తెరచి ఉంచిన డబ్బాలో వేయవద్దు.

4. పని చేస్తూ తినడం, త్రాగడం, పొగ త్రాగడం కూడదు. చేతులకు రాసుకొనే ఆల్కహాలు జెల్ సీసాన్ని తొలగించదు. సబ్బుతో, పారే నీటితో బాగా కడగాలి. సీసం వదిలించడానికే తయారుచేసిన సబ్బులు ఉన్నాయి, అవి మరింత మేలు.

5. ఆ బట్టలను, చెప్పులను ఇంట్లోకి తేవద్దు. బట్టలను పిల్లల బట్టలతో కలపకుండా విడిగా ఉతకండి. స్నానం చేశాకే పిల్లలను ఎత్తుకోండి.

6. కడిగిన నీటిని, పాత నూకను, తుడిచిన గుడ్డలను ప్రమాదకర వ్యర్థాలుగా అప్పగించండి.

7. సీసం లేని ప్రైమర్లతో వచ్చే తూటాలు దొరుకుతాయి. వీలైతే వాటిని ఎంచుకోండి.

8. పని చేసేవారు ఏడాదికి ఒకసారైనా రక్తంలో సీసం చూపించుకోండి. ఇంట్లో గర్భిణులు, ఆరేళ్ళ లోపు పిల్లలు ఉంటే వారికి కూడా చూపించండి. గర్భిణి రక్తంలోని సీసం మాయ దాటి బిడ్డకు చేరుతుంది.

మన ఊళ్ళలో

"మాకు తుపాకులు లేవు డాక్టరు గారూ" అనుకొని ఈ వ్యాసాన్ని పక్కన పెట్టకండి. 2020లో యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు కలిసి వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో సుమారు 80 కోట్ల మంది పిల్లల రక్తంలో సీసం 5 గాని అంతకు మించి గాని ఉన్నది. వారిలో 27 కోట్లకు పైగా మన దేశంలోని వారే. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది. కాని పాత బ్యాటరీలు కరిగించే కొట్లు ఉన్నాయి. పాత ఇళ్ళ రంగులు ఉన్నాయి. రంగు వేసిన పసుపు ఉంది. ఇత్తడి పాత్రలకు కళాయి పూసేటప్పుడు తగరంలో చవకగా దొరికే సీసాన్ని కలిపే వారూ ఉన్నారు. పోలీసు శిక్షణలో, రైఫిల్ క్లబ్బులలో కాల్చేవారు, నేలమీది గుల్లలు ఏరేవారు ఈ వ్యాసంలో చెప్పిన ధూళినే తాకుతున్నారు. కాల్పుల తరువాత చేతులు కడిగి, యూనిఫారం మార్చి ఇంటికి వెళ్ళమని వారికి ఎవరైనా చెబుతున్నారా?

పాలిపోయిన పిల్లవాడు, ఇనుము టానిక్కుకు కోలుకోని పిల్లవాడు, కారణం లేని కడుపునొప్పి, చదువులో హఠాత్తుగా వెనుకబడటం కనిపిస్తే మీ వైద్యుడికి ఇంట్లో అందరూ చేసే పనుల గురించి చెప్పండి. ఆయన అడగకపోయినా చెప్పండి. నాలాంటి వాడు కావచ్చు.

మూడు నెలల తరువాత మనవడి అంకె 4కు దిగింది. ఆపై మూడు నెలలకు 2.8. నాది 4కు వచ్చింది, అల్లుడిది 7కు. మేము అప్పటికి తిరిగి వచ్చేశాము. ఫలితం వచ్చిన రోజు అమ్మాయి వీడియో కాల్ చేసి, కాగితాన్ని కెమెరా ముందు పెట్టి, చాలా కాలం తరువాత మనస్ఫూర్తిగా నవ్వింది. అంకె తగ్గినంత మాత్రాన అంతకు ముందు జరిగినది చెరిగిపోదని వైద్యుడిగా నాకు తెలుసు. ఆ ఏడాది వాడి మెదడులో ఏమైనా పోయిందా అన్నది ఎవరూ చెప్పలేరు. వాడిప్పుడు బాగా మాట్లాడుతున్నాడు, అంకెలు నేర్చుకుంటున్నాడు. వాడు ఏ అంకె దగ్గరైనా తడబడితే నా గుండె ఒక్క క్షణం ఆగుతుంది.

మొన్న సంక్రాంతికి మా అమ్మ నాటి ఇత్తడి చెంబును చింతపండుతో తోముతూ ఉండగా ఫోను మోగింది. మనవడు. తెరలోంచి నా చేతులు చూసి, వాళ్ళ అమ్మ నేర్పిన మాటే అడిగాడు: "తాతయ్యా, చేతులు కడుక్కున్నావా?"

కడుక్కొని వచ్చి, చూపించి, మాట్లాడాను.